హఫీజా బేగం కేసు

ఆగస్టు 4, 2025. సోమవారం

లక్ష్మీరాజం దొరికాడు.

అతను అచ్చేసిన పుస్తకం పేరు 'ఇంటర్నెట్, మేధో సంపత్తి చట్టాలు'. మూడు వందల పన్నెండు పేజీలు. జబ్బార్ పొద్దున జిరాక్స్ తీసి, స్పైరల్ వేసి ఇంటికి పంపాడు. నాలుగో చాప్టర్ దాకా నిలబడే చదివాను. కూర్చోవాలని గుర్తు రాలేదు. ప్రతి వాక్యం నాది. క్లాసులో నేను దగ్గడానికి ఆగిన చోటల్లా అతను పేరా విరిచాడు.

నూట నలభై ఏడో పేజీలో ఆమె ఉంది. హఫీజా బేగం వర్సెస్ ఫయాజ్ ఆడియో సెంటర్.

ఆ కేసు ఏ కోర్టులోనూ జరగలేదు. ఏ రిపోర్టులోనూ లేదు. నేనే పుట్టించాను. దొంగను పట్టుకోవడానికి నా నోట్స్‌లో పెట్టిన ఎర అది. ఇరవై రెండేళ్లకు చేప పడింది.

మధ్యాహ్నం అన్నం రెండోసారి వడ్డించుకున్నాను. అక్క అనుమానంగా చూసింది.

ఆగస్టు 5

రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే సంవత్సరాలు తడబడకూడదు.

2003. కరీంనగర్‌లో మా లా కాలేజీ మొత్తానికి కంప్యూటర్ ఒక్కటే. అది ప్రిన్సిపాల్ గదిలో, పూల గుడ్డ కప్పుకుని ఉండేది. నేను ఇంటర్నెట్ చట్టం చెప్పేవాణ్ని. పిల్లల్లో సగం మంది ఈమెయిల్ ముఖం చూడలేదు. డొమైన్ నేమ్ అంటే ఏమిటో టవర్ సర్కిల్ దుకాణాల బోర్డులు నల్లబల్ల మీద గీసి చెప్పాను. ఆ ఏడే హైదరాబాద్‌లో సెమినార్. కరీంనగర్‌లో సైబర్ లా ఎవరికండీ, బర్రెలకా అని ఒక పెద్దమనిషి అడిగాడు. హాలంతా నవ్వింది. మొన్న ఆయన పోయాడని పేపర్లో ఫొటో వేశారు. పేజీ తిప్పాను.

నా పద్ధతి డిక్టేషన్. తెలుగులో పుస్తకం లేదు, ఇంగ్లిష్ పుస్తకం మింగుడు పడదు. సార్ చెప్పాలి, పిల్లలు రాయాలి. పరీక్షల ముందు, అక్షరం బాగున్నవాడి నోట్‌బుక్ గేటు ఎదురుగా ఉన్న జబ్బార్ జిరాక్స్‌కు పోయేది. అక్కడ స్పైరల్ అయ్యేది. హుస్నాబాద్ బస్సుల్లో, చొప్పదండి బస్సుల్లో నా వాక్యాలు తిరిగేవి. పేరు లేకుండా. కాపీరైట్ పాఠం చెప్పేవాడి నోట్స్ కాలేజీ గేటు ముందే కాపీ అయ్యేవి.

అందుకని ఒక కేసు పుట్టించాను. జబ్బార్ తల్లి హఫీజా బేగం పెళ్లిళ్లలో ఢోలక్ పాటలు పాడేది. అతని బావమరిది ఫయాజ్‌కు క్యాసెట్ల దుకాణం. ఆ పేర్లే పెట్టాను. ఆమె పాటను అడగకుండా రికార్డు చేసి అమ్మారని కథ. ఒక ఆదివారం చర్చి మానేసి కూర్చుని తీర్పు రాశాను. పెళ్లింట్లో పాడినంత మాత్రాన పాటను లోకానికంతా ఇచ్చేసినట్టు కాదు. ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకు ఇచ్చినట్టు, అంతే. పట్టుకుపోయినవాడే తాను అడిగానని రుజువు చేసుకోవాలి.

ఆ ఏడు స్పైరల్ రాగానే ఆ పేజీ తెరిచి జబ్బార్ ముందు పెట్టాను. ఇది ఉత్త కట్టుకథ, నా నోట్స్‌లో తప్ప ఎక్కడా లేదు, దొంగవి దొరికావు అన్నాను. జబ్బార్ మొత్తం చదివి, తల గోక్కుని, మా అమ్మీ కేసు గెల్చిందా సార్, జర ఆగున్రి, ఇంకో కాపీ తీస్త, ఆమెకు సూపెట్టాలె అన్నాడు.

అప్పుడే ఆ కేసును తీసేయాల్సింది. తీయలేదు. పిల్లలకు నచ్చింది. వెనక బెంచీ వాళ్లు కూడా పెన్ను పట్టేవారు. రిటైరయ్యే దాకా ఏటా చెప్పాను.

ఆగస్టు 8

అక్క హెప్సిబా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది. బావ పోయాక నా దగ్గరే ఉంటోంది. ఎనభైకి దగ్గర. చెవులు బాగా పనిచేస్తాయి, అదే ఇబ్బంది.

లక్ష్మీరాజం సంగతి చెప్పాను. తమ్మీ, నీ పాఠం సదివి ఒకడు పెద్దోడైతే సంబురపడాలె గాని గిదేం బుద్ధిరా అంది. ఎవ్వలు దొంగతనం జెయ్యని పాఠం జెప్పినోడు గద సిగ్గుపడాలె అని కూడా అంది.

ఆమెకు చట్టం తెలియదు.

లక్ష్మీరాజం 2003 బ్యాచ్. చొప్పదండి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ముత్యాల్లాంటి అక్షరం. నేను ఎర వేసిన ఏడు స్పైరల్ అయింది అతని నోట్‌బుక్కే. ఇప్పుడు ఒక ప్రైవేటు లా కాలేజీకి ప్రిన్సిపాల్. నా రిటైర్మెంట్ సభకు రాలేదు. దారిలో కనబడితే కారు ఆపి, దిగి మరీ దండం పెడతాడు. దిగకుండా పోతే నయం.

ఆగస్టు 11

ఇవాళ అరవై ఒక్క పేజీలు పోల్చాను. కామాలు కూడా నావే.

ఆగస్టు 14

లక్ష్మీరాజం కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. టీచర్స్ డే నాడు, సెప్టెంబరు 5న, లక్ష్మీరాజానికి సన్మానమట. ఈ పుస్తకానికే. గురువు చేతుల మీదుగా శాలువా కప్పించాలని కమిటీ కోరిక. వస్తానన్నాను. ఇంత త్వరగా ఒప్పుకుంటానని వాళ్లు అనుకోలేదు.

మైకు నా చేతిలో ఉంటుంది. నూట నలభై ఏడో పేజీ తెరవమంటాను. ఈ కేసు ఎక్కడ చదివావు నాయనా అని అడుగుతాను. అంతే. ఒక్క ప్రశ్న.

ఆగస్టు 19

జమున ఫోన్ చేసింది. 2009 బ్యాచ్. జైనూర్ నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదివింది. ఇప్పుడు ఆదిలాబాద్‌లో ప్రాక్టీసు.

ఒక పాట కేసులో హఫీజా బేగం తీర్పును కోర్టులో చదివిందట. అలాంటి కేసే లేదని అవతలి వకీలు లేచాడు. సార్, యాడ ఎతికినా దొరుకుతలేదు, నా నోట్‌బుక్కుల ఉన్నది, లక్ష్మీరాజం సార్ బుక్కుల ఉన్నది, ఇంకెక్కడా లేదు అంది. ఈమె కంప్యూటర్‌ను అడిగి దొంగ కేసు పట్టుకొచ్చింది అని వాడు నలుగురిలో అంటుండు సార్ అంది. జడ్జి సెప్టెంబరు 9 దాకా గడువిచ్చారు. ఆ లోగా తీర్పు కాపీ పెట్టకపోతే బార్ కౌన్సిల్‌కు రాస్తారు. ఆమె సనదు, అంటే వకీలు లైసెన్సు, పోవచ్చు.

మీరే జెప్పిన్రు గద సార్, యే రిపోర్టుల ఉన్నదో జర యాది జేస్కొన్రి అంది.

పాత సంపుటాల్లో ఉండాలి, వెతుకు అన్నాను.

ఆగస్టు 20

అబద్ధం చెప్పాను. కానీ లెక్క ఉంది. ఐదో తారీఖు సభలో ఎలాగూ బయటపెడతాను. తొమ్మిదికి నాలుగు రోజులుంటాయి. ఇవాళ జమునకు చెబితే రేపటికి లక్ష్మీరాజానికి తెలుస్తుంది. జాగ్రత్త పడతాడు.

ఇరవై రెండేళ్లు ఆగాను. ఆమె రెండు వారాలు ఆగలేదా?

ఆగస్టు 23. శనివారం

జమున ఆ పాట కేసు మనిషినే తీసుకొచ్చింది. అంబదాస్. జైనూర్ పక్క ఊరు. అరవై దాటి ఉంటాయి. కిక్రి అనే మూడు తీగల వాద్యం మీద పాత కథలు పాడతాడు. కిక్రిని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, బస్సులో వదలబుద్ధి కాలేదట.

సంగతి ఇది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు కెమెరాలతో వచ్చి పాడమన్నారు. పాడాడు. ఇంటికొచ్చినోళ్లు అడిగితె పాడకుంటే ఎట్ల సారూ అన్నాడు. వాళ్లు దానికి డప్పులు, మెషిన్ల మోత కలిపి ఇంటర్నెట్లో పెట్టారు. లక్షల మంది చూశారు. తర్వాత అంబదాస్ కూతురు తండ్రి పాటను ఫోన్‌లో తీసి తన ఛానల్లో పెట్టింది. కంపెనీ కంప్లైంట్ చేసింది. వీడియో పోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పోయింది. ఇంకొక్కసారి అయితే ఛానలే ఉండదు. నా గొంతు నేనే దొంగతనం జేసిన్నట సారూ అని నవ్వాడు. నలభై ఏళ్లు ఈ సబ్జెక్టు చదివాను, దీన్ని ఇంత చిన్న వాక్యంలో ఎవరూ చెప్పలేదు.

కెమెరా ముందు కూర్చున్నాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అని కంపెనీ వాదన. అందుకే జమునకు హఫీజా బేగం కావలసి వచ్చింది.

అంబదాస్ బాధ మాత్రం వేరే. మా ఇంట్ల పాట మొదలువెట్టే ముందుగాల పేర్లు జెప్తం సారూ అన్నాడు. నేను బాపు దగ్గర విన్న, బాపు ఆజా దగ్గర, అంటే తాత దగ్గర విన్నడు, ఆజా వాళ్ల మామ దగ్గర. గట్ల ఏడు పేర్లు. అవి అయినంకనే నా పేరు, ఆ తర్వాతనే పాట. వాళ్లు గా ముందటి ముక్క కోసేసిన్రు. అది బోరు కొడ్తదట. తలకాయ లేని మనిషిని ఊరంత తిప్పుతున్రు సారూ.

అతను నన్ను కాసేపు చూసి, గీ చట్టం మీరు ఎవల దగ్గర విన్నరు అని అడిగాడు. చదువుకున్నానన్నాను. సదివితే వచ్చేదేనా అన్నాడు. ఈలోగా అక్క చాయ్ తెచ్చింది. బతికిపోయాను.

పోతూ జమున, సార్ దొరుకుతది గదా అని అడిగింది. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు.

ఆగస్టు 24

చర్చిలో ప్రసంగం వినలేదు. ముందటి ముక్క కోసేసిన్రు. ఆ మాటే తిరుగుతోంది.

ఇంటికొచ్చి లక్ష్మీరాజం పుస్తకం తెరిచాను. నా దగ్గరున్నది జిరాక్స్. అట్ట తీయగానే మొదటి చాప్టర్. ముందుమాట లేదు. ప్రచురణకర్త పేజీ లేదు. మూడు వారాలుగా కామాలు పోల్చాను. ఇది చూడలేదు.

ఆగస్టు 25

జబ్బార్ దగ్గరికి పోయాను. ముందు పేజీలేవి అన్నాను. ముందటియి నేనెన్నడు తియ్య సార్ అన్నాడు. అండ్ల సర్వహక్కులు అని రాసుంటది. సదివినంక తీస్తె గునా, పాపం. సదవకుంటె ఏం ఫికర్ లేదు. ఇరవై ఐదేండ్ల సంది గిదే పద్ధతి అన్నాడు, నాకేదో సెక్షన్ చెబుతున్నట్టు.

కాపీరైట్ ప్రొఫెసర్. దొంగతనం రుజువు చేయడానికి దొంగ కాపీ.

కోర్టు చౌరస్తాలో పుస్తకాల షాపుకు పోయి అసలు పుస్తకం కొన్నాను. అక్కడే నిలబడి చదివాను. ముందుమాట ఒక పేజీ.

ఈ పుస్తకం నేను చేసిన రచన కాదు, మా గురువు స్టీఫెన్ గారు క్లాసులో చెబుతుండగా రాసుకున్న నోట్స్. అట్ట మీద ఆయన పేరే వేస్తానని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఒప్పులన్నీ ఆయనవి. తప్పులేమైనా ఉంటే అవి నావి.

షాపతను సార్ కుర్సీ ఎయ్యాల్నా అని అడిగాడు.

సాయంత్రం ట్రంకు పెట్టె తీశాను. మూడు కవర్లు. లక్ష్మీరాజం కాలేజీ ముద్ర ఉంది. సభలకు ఆహ్వానాలనుకుని చింపకుండా పడేశాను. నేను రానని వాళ్లకు తెలియాలని.

ఆగస్టు 28

లక్ష్మీరాజం ఫోన్ చేశాడు. జమున అతని దగ్గరికీ పోయిందట. ఆ కేసు కోసం పదేళ్ల కిందే ఢిల్లీ దాకా వెతికించాడట, దొరకలేదట. సార్ జెప్పిండంటే ఉంటది, పాత రిపోర్టేదో చెదలు తిన్నది అనుకున్న సార్ అన్నాడు.

అఫిడవిట్ ఇస్తాడట. పుస్తకంల తప్పు నాది, ఆ పిల్ల నా బుక్కు నమ్మి మోసపోయింది అని రాస్త సార్. మీ పేరు రానియ్య. మీరు పరేషాన్ గాకున్రి. గంతే గద, నా పుస్తకం నాలుగు రోజులు బద్నాం అయితది.

ఐదో తారీఖుకు కారు పంపుతానన్నాడు. సరేనన్నాను.

ఆగస్టు 29

నేను చేయాల్సిందేమీ లేదు. నోరు మూసుకుంటే చాలు, జమున బతుకుతుంది, లక్ష్మీరాజం మునుగుతాడు.

ఆగస్టు 30

అక్క అడిగింది, గెల్చినవు గదరా, బువ్వ ఎందుకు తింటలేవు అని.

సెప్టెంబరు 1

యేసుదాసు సార్.

ఈ పేరు రాసి ఎన్నేళ్లయిందో. 1974, హైదరాబాద్‌లో సాయంత్రం లా కాలేజీ. తెల్ల చొక్కా, మోచేతి దగ్గర సిరా మరక. కళ్లు మూసుకుని డిక్టేట్ చేసేవాడు. హక్కు అంటే నీ చేతిలో ఉన్నది కాదు, ఎదుటివాడు ఒప్పుకున్నది. ఇది ఆయన వాక్యం. నా నోట్స్‌లో మొదటి వాక్యమూ ఇదే. ఏటా జూన్‌లో నేను కూడా కళ్లు మూసుకునే చెప్పేవాణ్ని.

ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన పేరు క్లాసులో ఎత్తలేదు. కారణం ఉంది. ఫైనలియర్‌లో నాకు యాభై ఎనిమిది మార్కులు వేశాడు. స్టీఫెన్, నువ్వు బాగా మోస్తావు, ఇంకా నడవడం రాలేదు అన్నాడు, అందరి ముందు.

ఆయన పోయినప్పుడు కబురొచ్చింది. సెలవు దొరకలేదని చెప్పి పోలేదు. సెలవు అడగనే లేదు.

ఇవాళ పాత నోట్స్ తీసి చూశాను. ఇంటర్నెట్ సంగతులు నేను సంపాదించినవే, అవి ఎవరూ కాదనలేరు. వాటి కింద పునాది మొత్తం ఆయనది. హఫీజా బేగం తీర్పులో పిల్లలంతా గీత గీసుకునే వాక్యం, పట్టుకుపోయినవాడే రుజువు చేసుకోవాలి అన్నది, అదీ ఆయన క్లాసులో అన్నదే. ఆ తీర్పులో నాదంటూ ఉన్నది అబద్ధం ఒక్కటే.

సెప్టెంబరు 5

సభ. శాలువా కప్పాను. మైకు ఇచ్చారు. నాకు గొంతు బాగా లేదని దించేశాను. లక్ష్మీరాజం కాళ్లకు దండం పెట్టాడు. అందరి ముందు చెప్పే ధైర్యం లేదు, అది రాసుకోవాలి.

తర్వాత వెనక గదిలో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య చెప్పాను. ఆ కేసు లేదు. నేనే పుట్టించాను. నోట్స్ దొంగను పట్టుకోవడానికి. ఇవాళ నిన్ను పట్టిద్దామనుకున్నాను.

చాలాసేపు అతను శాలువా మడత పెట్టాడు. తర్వాత, ఆ తీర్పు సదివే సార్ నేను ప్రాక్టీసు ఇడిసి పంతులునైన అన్నాడు. నా దిక్కు చూడలేదు. అఫిడవిట్ వెనక్కి తీసుకొమ్మన్నాను. ఆల్రెడీ సంతకం అయింది, ఇంక ఇయ్యలేదు సార్ అన్నాడు. చింపెయ్యి అన్నాను. మీరు ఇస్తరా మరి అన్నాడు. అది శిష్యుడి గొంతు కాదు. వకీలు గొంతు.

కారులో దింపలేదు. ఆటోలో వచ్చాను. సబబే.

సెప్టెంబరు 8. ఆదిలాబాద్

బస్సులో అక్క నా పక్కనే. రావద్దన్నాను. నువ్వు మధ్యల దిగి వాపస్ వస్తవు, నాకు ఎర్కే అంది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే నిజంగానే దిగాలనిపించింది. అక్క నా బ్యాగు తన కాళ్ల కింద పెట్టుకుంది.

జమున ఆఫీసులో అఫిడవిట్ రాశాను. డిక్టేట్ చేయలేదు, నా చేత్తోనే. తీర్పు తర్కం మాత్రం సరైనదేనని ఒక వాక్యం కలిపాను. జమున దాన్ని కొట్టేసింది. నాలుగు వాక్యాలు చాలు సార్ అంది.

తర్వాత కోపం బయటికొచ్చింది. ఇరవై రోజులు నన్ను ఎతికిపిచ్చిన్రు సార్, లైబ్రరీల కండ్లు పోయినయ్, ఇంట్ల పిల్లల మీద అర్సిన. ఫోన్లనే ఒక్క మాట జెప్తే ఏం బోయింది? నా దగ్గర ఉన్న సమాధానం చెప్పుకునేది కాదు.

చట్టంలోనే పాడినవాడికి హక్కు ఇచ్చిన సెక్షన్ ఉంది, పూర్తి రికార్డింగ్ పెట్టు, పేర్లు కోసిన చోటు చూపించు, హఫీజా బేగం నీకు అవసరమే లేదు అన్నాను. రాసుకుంది. పాత అలవాటు, నేను ఆగిన చోట పేరా విరిచింది.

నా అఫిడవిట్ కాపీ అవతలి వకీలుకు అందింది. జమున మీద ఇక పట్టుబట్టనన్నాడట. జడ్జి రేపు నన్ను స్వయంగా వింటానన్నారట. శిక్ష ఏదైనా పడితే నాకే పడుతుంది. డెబ్బై నాలుగేళ్లు. పేపర్లో వస్తుంది. సెమినార్ హాలులో నవ్వినవాళ్లలో బతికున్నవాళ్లు చదువుతారు. చదవనీ.

సెప్టెంబరు 9. మధ్యాహ్నం 12.40

బోనులో కుర్చీ వేయమన్నారు. వద్దన్నాను.

గుమాస్తా పేరు చెప్పమన్నాడు. యేసుదాసు సార్ దగ్గర విన్నాను అన్నాను. అది కాదు సార్, మీ పేరు అన్నాడు. దాని తర్వాతే నాది అన్నాను.

వెనక బెంచీలో అంబదాస్ కిక్రి మీది గుడ్డ విప్పుతున్నాడు.